ఎన్ని టికెట్లురా? - మా బ్యాండ్ల బుకింగ్ డైరీ

మొదటి వారం

నాకు ఏ వాయిద్యమూ రాదు. తాళం తప్పితే మాత్రం తెలుస్తుంది. మూడేళ్లుగా స్నేహితుల బ్యాండ్ల వెంట తిరుగుతూ కేబుళ్లు చుట్టడం, వ్యాన్‌లోకి యాంప్లిఫయర్లు ఎక్కించడం నా పని. ఆ తిరుగుడులో ఒకటి గమనించాను. రిహార్సల్‌కి వారానికి మూడు సాయంత్రాలు ఇచ్చే మనుషులే, ప్రోగ్రామ్ అడగడానికి ఒక్క ఫోన్ చేయాల్సి వస్తే నువ్వు చెయ్యి, నువ్వు చెయ్యి అని ఒకరినొకరు ముందుకు తోసుకుంటారు. తీరా చేశాక డబ్బు మాట దగ్గర గొంతు పెగలదు. ఆ ఫోన్ నేను చేస్తానన్నాను. మొదలైంది అలా.

లెక్కలు మా అక్క చూస్తానంది. ఆమెకు సంగీతం పిచ్చి లేదు. అందుకే ఆమె ఉండాలని పట్టుబట్టాను.

ఈ వారమంతా ఒక్క విషయం దగ్గరే ఆగిపోయాం: అసలు మేం ఎవరి తరఫు? బుకింగ్ ఏజెంట్ బ్యాండ్ మనిషి. వాళ్లకు ప్రోగ్రాములు కుదిర్చి, వచ్చిన పారితోషికంలో శాతం తీసుకుంటాడు. ఎక్కువగా 10 నుంచి 20 మధ్య ఉంటుంది. ప్రమోటర్ వేరు. హాలు తీసుకుని, సౌండ్ పెట్టించి, పోస్టర్లు వేసి, టికెట్లు అమ్మి, జనం రాకపోతే నష్టం నెత్తిన వేసుకునేవాడు ప్రమోటర్. బ్యాండ్ రేటు పెరిగితే ఏజెంట్‌కి లాభం, తగ్గితే ప్రమోటర్‌కి లాభం. రెండూ మేమే చేస్తే పెళ్లిళ్ల పేరయ్య అటు అబ్బాయి తరఫునా, ఇటు అమ్మాయి తరఫునా తానే కూర్చుని తనతో తానే బేరమాడినట్టుంటుంది.

చివరికి ఒక రూల్ రాసుకున్నాం. బయటివాళ్లు పెట్టే ప్రోగ్రాములకు 15 శాతం కమిషన్. మేమే పెట్టే షోలకు కమిషన్ లేదు, ఖర్చులు పోగా మిగిలినదాంట్లో వాటా మాత్రమే. ఆ ఖర్చుల కాగితం బ్యాండ్ అడగకపోయినా చూపించాలి.

మూడో వారం

రెండు వారాలు పేరు, లోగో అంటూ గడిపాం. దాని గురించి ఇంతకంటే రాయడం దండగ.

మూడు బ్యాండ్లు ఒప్పుకున్నాయి. ఒకటి ముగ్గురి రాక్ బ్యాండ్, ఒకటి కీబోర్డు, వయొలిన్ ఉన్న ఫ్యూజన్ బ్యాండ్, మూడోది ఇద్దరే, గిటారు, గొంతు. వీళ్ల గురించి హాలు వాళ్లకు పంపడానికి ఏముందని చూస్తే ఒకరిది ఫోన్లో తీసిన వీడియో, బేస్ మోగినప్పుడల్లా శబ్దం పగిలిపోతోంది. ఇంకొకరికి 40 ఫోటోలున్నాయి, ఒక్కదాంట్లోనూ అందరూ లేరు. ప్రతి బ్యాండ్‌కీ ఒక్క పేజీ చేశాను: ఒక ఫోటో, స్టేజి మీద తీసిన రెండు వీడియోలు, నాలుగు వాక్యాలు, ఫోన్ నంబరు. పాటలో మొదటి 20 సెకన్లు ట్యూనింగ్ చేసుకుంటూ ఉన్న వీడియో ఉంటే ఆ భాగం కోసేశాను. బుక్ చేసేవాళ్లు అంతకంటే ఎక్కువసేపు చూడరు.

పదకొండు చోట్లకు పంపితే నాలుగు జవాబులొచ్చాయి. నాలుగింట్లోనూ ఒకటే ప్రశ్న: "ఎంతమంది వస్తారు?" బ్యాండ్ ఎలా వాయిస్తుందని ఒక్కరూ అడగలేదు. మొదట కోపమొచ్చింది. తర్వాత ఆలోచిస్తే, వాళ్లు కరెంటు బిల్లు కట్టేది చప్పట్లతో కాదు కదా.

నాలుగో వారం

పెద్ద దెబ్బే తగిలింది. 180 మంది నిలబడే హాలులో ఒక శనివారానికి "హోల్డ్ పెట్టాం" అన్నారు. బుక్ అయిపోయిందనుకుని బ్యాండ్లకు చెప్పేశాను. రాక్ బ్యాండ్‌లో బేస్ గిటారు వాయించే బేసిస్ట్ సెలవు కూడా పెట్టేశాడు. పది రోజుల తర్వాత ఫోన్ చేస్తే ఆ తేదీ వేరేవాళ్లకు వెళ్లిపోయింది.

అప్పుడు తెలిసింది. హోల్డ్ అంటే రుమాలు వేసి సీటు ఆపుకోవడం, అంతే. దానికీ ఒక వరస ఉంటుంది. ముందు అడిగినవాళ్లది ఫస్ట్ హోల్డ్, తర్వాతివాళ్లది సెకండ్ హోల్డ్. వెనకున్నవాళ్లు డబ్బు కట్టడానికి సిద్ధపడితే ముందున్నవాళ్లకు ఫోన్ వస్తుంది, ఒకటి రెండు రోజుల్లో ఖాయం చేసుకోవాలి, లేదా వదులుకోవాలి. దాన్ని చాలెంజ్ అంటారు. మాది సెకండ్ హోల్డ్. అది నేను అడగలేదు, వాళ్లు చెప్పలేదు.

"అన్నా, మీరు బుక్ అయిందన్నారు కదా" అన్నాడు బేసిస్ట్. అవునన్నాను. అంతకంటే ఏమనగలను?

అదే హాల్లో ఒక గురువారం దొరికింది. ఈసారి అడ్వాన్స్ కట్టి, రసీదు ఫోటో తీసి, ఆ తర్వాతే చెప్పాను.

ఐదో వారం

అక్క లెక్కల పుస్తకం తెరిచింది. డబ్బు అంకెలు చూస్తే నాకు ఏది ఎక్కువో ఏది తక్కువో తలకెక్కడం లేదని ఆమె ఒక పద్ధతి పెట్టింది. ప్రతి ఖర్చునూ టికెట్ ధరతో భాగించి రాసింది. హాలు అద్దె 30 టికెట్లు. ఇంజినీర్‌తో కలిపి సౌండ్ 34. పోస్టర్లు, ప్రకటనలు 6. పాటల లైసెన్సు 4. గేటు దగ్గర ఇద్దరు మనుషులు, వ్యాను 5. చిల్లర ఖర్చులు 3. మొత్తం 82. దాని మీద రెండు బ్యాండ్లకు చెరో 10 టికెట్ల గ్యారంటీ, జనం వచ్చినా రాకపోయినా ఇవ్వాల్సింది. అంటే 102 మంది డబ్బులిచ్చి లోపలికొచ్చాకే మా మొదటి పైసా.

ఆ రోజు నుంచి ఏది కొందామన్నా ఆమె ఒకటే మాట: "ఎన్ని టికెట్లురా?" స్టేజి వెనక బ్యానర్ కట్టిద్దామన్నాను. తొమ్మిది టికెట్లు. ఆ బ్యానర్ చూసి అదనంగా తొమ్మిది మంది వస్తారా? రారు. బ్యానర్ పోయింది.

గ్యారంటీ వద్దు, గేటు డబ్బులో వాటా పెట్టుకుందామని కూడా అనుకున్నాం. వాటా అయితే మా నష్టం తగ్గుతుంది, కానీ మొదటి షోకే రిస్కంతా బ్యాండ్ల మీదకు నెట్టడం బాగుండదనిపించింది. ఇది మంచితనమో తెలివితక్కువతనమో అప్పటికి తెలియలేదు.

ఆరో వారం

లైసెన్సు సంగతి. మా బ్యాండ్లు సొంత పాటలతో పాటు వేరేవాళ్ల పాటలు కూడా వాయిస్తాయి. బహిరంగంగా వాయిస్తే ఆ పాట రాసినవాళ్లకు, స్వరపరిచినవాళ్లకు రుసుము చేరాలి. ఏ పాటలు వాయించారో జాబితా ఇవ్వాలి. గిటారిస్ట్ గొణిగాడు, "మేమే వాయిస్తున్నాం కదా, వాళ్లకెందుకు?" అని. ఈ గొణుగుడు కొత్తదేం కాదు. 1847లో పారిస్‌లో ఎర్నెస్ట్ బూర్జే అనే పాటల రచయిత, ఇద్దరు స్వరకర్తలతో ఒక కెఫేలో కూర్చుని ఉండగా వాళ్ల పాటలే అక్కడ వాయించారు. మా పాటలకు మీరు డబ్బివ్వనప్పుడు మీ బిల్లు మేమెందుకు కట్టాలని వాళ్లు మొండికేశారు. విషయం కోర్టుకెక్కింది, రచయితలే గెలిచారు. 1851లో సాసెమ్ అనే హక్కుల సంఘం పుట్టింది అక్కడి నుంచే. ఇదంతా చెప్పాక గిటారిస్ట్, "అయితే మన పాట ఎవరైనా వాయిస్తే మనకీ వస్తుందా?" అన్నాడు. వస్తుంది, ముందు నీ పాటలు నమోదు చేయించుకో అన్నాను. ఇంకా చేయించుకోలేదు.

ఇక పోస్టరు. రెండు వందలు అచ్చయి వచ్చాయి, రంగులు అదిరిపోయాయి. గోడకు మొదటిది అంటిస్తుండగా అక్క చూసింది. తేదీ సరైనదే, పక్కన గురువారం బదులు శుక్రవారం. శనివారం పోయి గురువారం వచ్చిన గందరగోళంలో ఫైలు నాలుగుసార్లు మార్చాను, ప్రతిసారీ తేదీ చూశాను, వారం చూడలేదు. మళ్లీ అచ్చు వేయిస్తే నాలుగు టికెట్లు. ఇద్దరం నేల మీద కూర్చుని నల్ల మార్కరుతో రెండు వందల శుక్రవారాలు కొట్టేశాం. అర్ధరాత్రి దాటింది.

ఎనిమిదో వారం

మొదటి షో అయిపోయింది.

ఆన్‌లైన్ ఈవెంట్ పేజీలో "వస్తాం" అని నొక్కినవాళ్లు 340 మంది. అమ్ముడైన టికెట్లు 71. ఆ 71లో 44 గేటు దగ్గర కొన్నవే. అంటే ఆ సాయంత్రం ఆరు గంటలకు మా చేతిలో ఉన్నవి 27. ఆ గంట నేను హాలు బయట ఎన్నిసార్లు అటూ ఇటూ నడిచానో లెక్కలేదు.

ఏం తప్పు జరిగిందో షో రోజే తెలిసింది. ఎనిమిది రోజుల క్రితం అదే ఫ్యూజన్ బ్యాండ్ అదే ఊళ్లో ఉచితంగా వాయించింది. ఎవరో అడిగారు, మొహమాటపడి ఒప్పుకున్నారు. మాకు చెప్పాలని వాళ్లకు తోచలేదు. చెప్పాలని మా ఒప్పందంలో మేమూ రాయలేదు. నిన్న ఊరికే విన్నవాళ్లు ఇవాళ టికెట్ ఎందుకు కొంటారు?

రెండోది గెస్ట్ లిస్ట్. "అన్నా, మా ఇంట్లోవాళ్లు నలుగురు", "మా పాత డ్రమ్మర్, వాడి ఫ్రెండు" అంటుంటే సరే సరే అన్నాను. రాత్రి చూస్తే 23 పేర్లు. హాల్లో 94 మంది ఉన్నారు, టికెట్లు 71. అందరూ కొనేవాళ్లు కాదనుకోండి. సగం మంది కొన్నా నష్టం మూడో వంతు తగ్గేది.

వాయించడం మాత్రం బాగా వాయించారు. ఫ్యూజన్ బ్యాండ్ చివరి పాటలో వయొలిన్, గొంతు ఒకదాన్నొకటి తరుముకుంటుంటే బార్ కౌంటర్‌లో గ్లాసులు తుడుస్తున్న కుర్రాడు గుడ్డ పట్టుకుని అలాగే నిలబడిపోయాడు. ఆ పాట అయ్యేదాకా నష్టం సంగతి నేనూ మర్చిపోయాను.

తర్వాత వెనక గదిలో ట్యూబులైటు కింద లెక్క తేల్చాం. గేటు నోట్లు ఒకసారి నేను, ఒకసారి అక్క, ఒకసారి బేసిస్ట్ లెక్కపెట్టాం. 102లోంచి 71 పోతే 31. బ్యాండ్ల గ్యారంటీ అప్పటికప్పుడే చేతికిచ్చేశాం. వద్దని ఒకరు అన్నారు. ఆ ఒక్కసారి అక్కే జవాబు చెప్పింది: "తీసుకో తమ్ముడూ. ఇవాళ వదిలేస్తే రేపు నిన్ను ఎవరూ అడగరు."

మర్నాడు శుక్రవారం. ఇద్దరు మనుషులు హాలుకొచ్చి తాళం చూసి వెళ్లారట. ఎక్కడో ఒక పోస్టరుకు మార్కరు తగల్లేదన్నమాట.

తొమ్మిదో వారం

ఏమీ చేయలేదు.

పదకొండో వారం

ఒప్పందం కాగితం తిరగరాశాను, ఒక్క పేజీలో. షోకి మూడు వారాల ముందు నుంచి, తర్వాత ఒక వారం దాకా అదే ఊళ్లో వేరే చోట వాయించకూడదు. మనిషికి ఒక్క గెస్ట్, ముందు రోజు సాయంత్రానికి పేరు పంపాలి. రద్దయితే ఎవరు ఎంత భరించాలో అందులో ఉంది. లాయరు భాష వాడలేదు. డ్రమ్మర్ ఒక్కసారి చదివి అర్థం చేసుకోగలగాలి, అదే పరీక్ష.

ఏజెంట్ పని కూడా ఒకటి దొరికింది. ఒక కంపెనీ వార్షికోత్సవానికి ఆ ఇద్దరి బ్యాండ్. మామూలుగా వాళ్లు అడిగేదానికి రెట్టింపు చెప్పాను, గుండె దడదడలాడింది. అటువైపు నుంచి "ఓకే, సగం ముందు పంపిస్తాం" అని అరనిమిషంలో జవాబొచ్చింది. ఇంకా ఎక్కువ చెప్పాల్సిందేమో అని రెండు రోజులు పీకింది. పారితోషికం 60 టికెట్లకు సమానం, మా 15 శాతం అంటే 9. మైనస్ 31 కాస్తా మైనస్ 22 అయింది.

పదమూడో వారం

రెండో షో చిన్న హాలు, 90 మంది పట్టేది. అద్దె 8 టికెట్లు, సౌండ్ 18, పోస్టర్లు 3, లైసెన్సు 2, మిగతావి 4. మొత్తం 35. ఈసారి గ్యారంటీ లేదు. ఖర్చులు పోగా మిగిలినదాంట్లో 80 శాతం బ్యాండ్లది, 20 మాది. బ్యాండ్లే ఇలా చేద్దామన్నాయి.

ఈసారి హాల్లో అడుగుపెట్టక ముందే అన్నీ కాగితం మీద చూసుకోవాలని కూర్చున్నాను. మైకులూ వాయిద్యాలూ అన్నీ వచ్చి కలిసే మిక్సర్‌కి 12 చానెళ్లు, అంటే 12 దారులు. ఫ్యూజన్ బ్యాండ్‌కి ఏమేం కావాలో రాశాను. కాలితో మోగించే కిక్ డ్రమ్‌కి ఒక మైకు, స్నేర్ అనే చిన్న డ్రమ్ముకు ఒకటి, సింబల్స్ అనే లోహపు పళ్లేల మీద ఓవర్‌హెడ్ మైకులు రెండు. నాలుగు. బేస్ ఒకటి, ఐదు. గిటార్లు రెండు, ఏడు. కీబోర్డు ఎడమ కుడి, తొమ్మిది. గొంతులు మూడు, పన్నెండు. హమ్మయ్య అనుకుని పెన్ను మూసేశాక వయొలిన్ గుర్తొచ్చింది. పదమూడు.

పెద్ద మిక్సర్‌కి మరో ఆరు టికెట్లన్నారు. ఇంజినీర్‌కి ఫోన్ చేశాను. "ఆ గదికి ఓవర్‌హెడ్‌లు ఎందుకు బాబూ? సింబల్స్ మైకు లేకుండానే చెవులు చిల్లులు పొడుస్తాయి. రెండూ తీసెయ్." తీసేస్తే వయొలిన్‌తో కలిపి 11. మిగిలిన ఆ ఒక్క చానెల్లో ఇంకో గొంతుకు మైకు పెడదామా అన్నాను. "ఖాళీగా ఉంచు. ఆ రాత్రి ఏదో ఒకటి చచ్చిపోతుంది" అన్నాడు.

డీఐ బాక్సులు కూడా లెక్కపెట్టించాడు. కీబోర్డు నుంచి మిక్సర్ దాకా మామూలు గిటారు కేబుల్ పొడుగ్గా లాగితే దారి పొడవునా గుర్రుమనే శబ్దాన్ని మోసుకొస్తుంది. డీఐ ఆ సిగ్నల్‌ని మైకు కేబుల్లో దూరం వెళ్లేలా మారుస్తుంది. బేస్‌కి ఒకటి, కీబోర్డుకు రెండు, వయొలిన్ శబ్దం పట్టే పికప్‌కి ఒకటి. నాలుగు కావాలి, అద్దె సెట్టులో ఉన్నవి మూడు. నాలుగోది రాక్ బ్యాండ్ బేసిస్ట్ ఇంట్లో అటక మీద దొరికింది.

డ్రమ్ సెట్టు ఇద్దరికీ ఒకటే. కానీ స్నేర్, సింబల్స్, కిక్ పెడల్ ఎవరివి వాళ్లే తెచ్చుకోవాలి. పగిలేవీ, చేతికీ కాలికీ అలవాటైనవీ అవే. ఆ మాట ఇద్దరికీ మెసేజ్ పెట్టి, బ్లూ టిక్‌లు చూసి, మళ్లీ ఫోన్ కూడా చేశాను.

టికెట్ల విషయంలో ఒక కొత్త పని చేశాం. బ్యాండ్ సభ్యులు ఒక్కొక్కరికీ వేర్వేరు లింకు. ఎవరి ద్వారా ఎన్ని పోయాయో తెలియాలని. డబ్బు పెట్టి వేసిన ప్రకటన ద్వారా రెండు టికెట్లు పోయాయి. రాక్ బ్యాండ్ బేసిస్ట్ ఒక ఆదివారం కూర్చుని 60 మందికి పేరు పేరునా మెసేజ్ పెడితే 19 పోయాయి. ఇద్దరు సభ్యులకు మాత్రం సున్నా. ఆ పట్టిక గ్రూపులో పెట్టాలా వద్దా అని అక్కా నేనూ వాదించుకున్నాం. పెట్టలేదు. ఎవరి అంకె వాళ్లకే పంపాను. మర్నాడు ఒక సున్నా ఆరయింది.

పద్నాలుగో వారం

సౌండ్ చెక్ తలకిందుల వరసలో చేశాం. చివర వాయించేవాళ్లు ముందు, మొదట వాయించేవాళ్లు ఆఖర్న. అప్పుడు మొదటి బ్యాండ్ సామాను స్టేజి మీద పెట్టింది పెట్టినట్టే ఉంటుంది. ఇంత తేలికైన విషయం మూడేళ్లు కేబుళ్లు చుట్టినా నా బుర్రకు తట్టలేదు.

కీబోర్డు పెట్టగానే గుయ్‌మని మోత. అడాప్టర్ మార్చాం, ప్లగ్గు మార్చాం. ఇంజినీర్ తాపీగా వచ్చి డీఐ పక్కనున్న గ్రౌండ్ లిఫ్ట్ అనే చిన్న బటన్‌ని గోటితో ఇటు తోశాడు. నిశ్శబ్దం. ఎర్త్ రెండు దారుల్లో కలిసి చుట్టు తిరిగితే ఆ మోత వస్తుందట. కీబోర్డిస్ట్ నా వైపు చూశాడు, నేను పైకప్పు వైపు చూశాను.

మొదటి బ్యాండ్ దిగి రెండోది ఎక్కడానికి 15 నిమిషాలు ఇచ్చాను, 24 పట్టింది. రాక్ డ్రమ్మర్ తన పెడల్ విప్పలేకపోయాడు, స్క్రూ బిగుసుకుపోయింది. తర్వాత చూసుకుందామని అలాగే వదిలేస్తే ఫ్యూజన్ డ్రమ్మర్ దాంతోనే వాయించాడు. మూడో పాటలో వయొలిన్ చానెల్ చచ్చిపోయింది. ఖాళీగా ఉంచిన పన్నెండోదానికి కేబుల్ మార్చడానికి ఎనిమిది సెకన్లు పట్టింది. జనం అది పాటలో భాగమేననుకున్నారు.

స్టేజికి దగ్గరగా ఇంజినీర్ మీటరు 97 డెసిబెల్స్ చూపించింది. పనిచేసే చోట ఆరోగ్యం గురించి పరిశోధించే అమెరికా సంస్థ నియోష్ లెక్క ప్రకారం 85 డెసిబెల్స్ దగ్గర రోజుకు 8 గంటలు ఉండొచ్చు, ఆ పైన ప్రతి మూడు డెసిబెల్స్‌కీ ఆ సమయం సగమవుతుంది. 97 దగ్గరికొచ్చేసరికి అరగంటే. మా షో రెండు గంటలు. గేటు దగ్గర డబ్బాలో ఫోమ్ ఇయర్‌ప్లగ్స్ పెట్టాను, ఊరికే తీసుకోవచ్చని. అర టికెట్ ఖర్చు. అక్క ఏమీ అనకుండా ఓ జత తీసుకుని పెట్టుకుంది, రాత్రంతా తియ్యలేదు.

అమ్మినవి 78. గెస్టులు ఎనిమిది మంది. ఖర్చు 35 పోగా 43. బ్యాండ్లకు 34.4, అంటే చెరో 17.2. మొదటి షో గ్యారంటీ కంటే ఎక్కువే. మాకు 8.6. పుస్తకంలో మైనస్ 13.4.

పదహారో వారం

అదే చిన్న హాల్లో నెల తర్వాత ఒక శనివారానికి ఫస్ట్ హోల్డ్ పెట్టాను. ఈసారి వరస అడిగి మరీ పెట్టాను. నిన్న మధ్యాహ్నం ఫోన్ వచ్చింది. "వెనక ఇంకొకరు రెడీగా ఉన్నారండీ. రేపు సాయంత్రంలోగా మీరు చెప్పాలి."

అక్క పుస్తకం తెచ్చింది. "ఎన్ని టికెట్లురా?"

"మూడు బ్యాండ్ల వాళ్లూ వస్తామన్నారు, పోయినసారి వచ్చినవాళ్లు..."

"వస్తామన్నవాళ్లు కాదు. కొన్నవాళ్లు."

రెండు షోల జాబితాలు పక్కపక్కన పెట్టి కూర్చున్నాం. రెండింటికీ డబ్బిచ్చి కొన్నవాళ్లు 26 మంది. బేసిస్ట్ లింకు ద్వారా మొదటిసారి వచ్చినవాళ్లు 11 మంది, ఈ 26లో లేరు. మొత్తం 37. మన ఖర్చు 35. అక్క పెన్ను అంచుతో బల్ల మీద కొడుతూ చాలాసేపు ఆ రెండు అంకెలనే చూసింది. వీళ్లలో సగం మందే మళ్లీ రావచ్చు. కొత్తవాళ్లు రావచ్చు. శనివారం.

"చెయ్యి ఫోను" అంది.

కన్ఫర్మ్ చేసి అడ్వాన్స్ పంపాను. ఆమె పుస్తకంలో ఈ షోకి కొత్త పేజీ తిప్పి పైన హాలు అద్దె, మైనస్ 8 అని రాసింది. ఇప్పుడు చేయాల్సినవి: బ్యాండ్లకు తేదీ చెప్పాలి, వారంతో సహా. ఒప్పందం కాగితాలు పంపాలి. రాక్ డ్రమ్మర్‌కి మళ్లీ గుర్తు చేయాలి, వాడి పెడల్ ఇంకా మా ఇంట్లో షూ ర్యాక్ మీదే ఉంది, స్క్రూకి నూనె వేశాను, కదలడం లేదు.